దారం లేని గోడ

పని విడిచి ఇంటికి పోయిన మా మేస్త్రి చాచా తాండూరుల కన్ను మూసిండని మొన్న శుక్రవారం పొద్దుగాల ఫోన్ వచ్చింది. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపుల మా రూమ్‌ల చాయ్ పొయ్యి మీదనే ఇగిరిపోయింది, ఎవ్వరం దించలే. ఖతర్‌ల నా చేతికి తాపీ ఇచ్చింది ఆయనే. మస్తు ఏడ్చిన.

పని మొదలువెట్టేటప్పుడు బిస్మిల్లా అని ఆయనే మొదటి రాయి పెట్టేటోడు. మేం దానికి పసుపు రాస్తే, "రాయుర్రి బేటా, రాయికేం తకరారు?" అని నవ్వేటోడు.

ఆయన కట్టినయన్నిట్ల నాకు గొప్పది అల్ రయ్యాన్‌ల రాతి ఇల్లు. ఆ ఇంటి ఓనర్‌ను అర్బాబ్ అంటుంటిమి. ఆయన ఇంగ్లాండుల చదువుకున్నప్పుడు ఒక పాత ఇంట్ల ఉన్నడట. గసొంటిదే కావాలని ఫోటో ఇచ్చిండు. ఏటవాలు కప్పు, పొగగొట్టం, రాతి చట్రాల సన్న కిటికీలు, మూలలకు పెద్ద రాళ్లు, నడుమ ఒకదానికొకటి పోలని రాళ్లు. చాచా ఫోటో చూసి, "పాపం, ఆళ్లకు దారం దొరకలేదేమో. మనం సీదా కడుదాం" అన్నడు.

కట్టినం. వరుస వరుసకు దారం పట్టి, ప్రతి రాయి చెక్కి, ముందటి గోడ అద్దం లెక్క లేపినం. అర్బాబ్ వచ్చి చూసి, "ఇది బ్యాంకు గోడ. నా ఇల్లేది?" అన్నడు. కంపెనీ ఇంజినీరుకు కోపమొచ్చింది. "యల్లా, కూలగొట్టుర్రి. మళ్ల గిట్లనే కడితే మీ గ్యాంగ్‌ను విడగొట్టి తలా ఒక సైట్‌కు పంపుత" అన్నడు. మేమందరం తాండూరు దిక్కోళ్లం, ఒక్క పొయ్యి మీద తినేటోళ్లం. మా పాణం సగం అక్కడనే పోయింది.

"చాచా, వంకర కట్టుడు మనకొస్తదా?" అని అడిగిన.

ఆయన దారం చుట్టి జేబుల పెట్టిండు. "తప్పు నాదేరా. మంచిగనే కట్టిన గని, ఆయన అడిగింది కట్టలే. చేను గట్టుకు రాళ్లు పేర్చుడు యాదికుందా? ఏ రాయి ఏడ కూసుంటనంటే ఆడ పెట్టుర్రి."

ఇగ చూడు! చేను గట్టు ఎవరికి రాదు? చిన్నదాని పక్కన పెద్దది, సందుల పెచ్చు, లోపటికి సున్నం. అలవాటుకొద్ది నేను ఒక రాయి అంచు చెక్కపోతే చాచా సుత్తె గుంజుకున్నడు. "దాని ముక్కు కొయ్యకురా, అది గట్లనే పుట్టింది."

గోడ లేచినంక అర్బాబ్ మళ్ల వచ్చిండు. తెల్లటి పొడుగంగి, ఆ తోబ్ తోని మట్టిలనే కూసోని, గోడకు ఈపు ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. మా గ్యాంగ్‌ను ఎవరూ విడగొట్టలే. ఇయ్యాల్టికీ ఒక్క పొయ్యే.

ఫోన్ వచ్చిన రోజే సాయంత్రం అందరం ఆ ఇంటికి పోయినం. చాచీకి పంపుదామని గోడ ముందట ఫోటోకు నిలబడ్డం. పొడుగోడు, పొట్టోడు, బొర్రోడు, భుజానికి భుజం ఆనిచ్చి. ఫోన్ పట్టుకున్న ఇంటి డ్రైవర్ "అరే భాయ్, లైన్ సీదా కరో" అన్నడు.

ఒక్కడు గూడ కదల్లే.