సింహాచలం బావ పెట్టిన నోటీసు పీకడానికి వీల్లేదు

నిన్న కాటి దగ్గర, చితి ఇంకా కాలుతుండగానే, "ఇంక అడ్డు సెప్పేవోడు లేడు కదా, ఆ నోటీసు పీకేయండి" అన్నది మీలో ఎవరు?

పేరు రాయను. అన్నది ఒకడే. విని తలూపిన వాళ్ళందర్నీ చూశాను. నా కోపం మీ అందరి మీదా.

నిన్న పొద్దున్నే ఫోన్. మా సింహాచలం బావ పోయాడని.

పోర్టులో డ్యూటీకి బయల్దేరుతూ, బూట్లు వేసుకోడానికి మెట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడంట. హార్ట్ ఎటాక్.

ఫోన్ చేసిన కుర్రాణ్ణే తిట్టాను, పొద్దున్నే ఏం మాటలురా అని. మల్కాపురంలో వాళ్ళింటి ముందు చెప్పుల గుంపు చూశాక గానీ నమ్మలేదు.

సంగతి తెలియని బంధువుల కోసం చెప్తాను, ఈ నోటీసు గొడవేంటో.

ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. మన బ్యాచ్ అందులో ఇక్కడి ఊళ్ళ గురించి పేజీలు రాస్తుంది. రాసేవాళ్ళు బోలెడుమంది. కాపీరైట్ రూల్స్ కూర్చుని చదివినవాడు బావ ఒక్కడు.

అందుకే అందరికీ చేదయ్యాడు.

మన నరసింగం తను పనిచేసే స్టీల్ కంపెనీ లోగో తెచ్చి, ఆ సైట్‌లో తన గురించి రాసుకునే సొంత పేజీ నెత్తిన పెట్టుకున్నాడు. బావ తీసేశాడు. వీడు మళ్ళీ పెట్టాడు. ఆయన మళ్ళీ తీశాడు. ఆఖరికి రామాలయంలో నా ప్రవచనం అయ్యాక, అందరి ముందూ నరసింగం నిలదీశాడు.

"నాను ఆ కంపెనీలోనే పని సేత్తన్నాను బావా. నా సొక్కా మీదుంది. పేజీ మీదుంటే ఏటి?"

"సొక్కా మీద కంపెనీయే కుట్టించింది. పేజీ మీద ఎవరు కుట్టమన్నారు నిన్ను?"

నవ్వలేక చచ్చాం. తర్వాత బావ కూర్చోబెట్టి చెప్పాడు. లోగో ఆ కంపెనీ సొత్తు. కంపెనీ గురించి రాసిన పేజీలో, గుర్తుపట్టే మేరకు, చిన్న సైజులో ఒకటి పెట్టొచ్చు. నీ పేజీకి బొట్టులా పెట్టుకోడానికి వీల్లేదు.

అంతవరకూ నవ్వులే. ఫోటోల దగ్గర వచ్చింది అసలు తంటా.

స్టీల్ ప్లాంట్ కట్టేటప్పుడు లేచిపోయిన ఊళ్ళలో బావ పుట్టిన ఊరొకటి. ఇప్పుడది ఫోటోల్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోటోలు తీసింది ప్రసాదరావు గారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్టూడియో పెట్టుకున్న పెద్దాయన. ఇప్పుడు పెందుర్తిలో ఉంటున్నారు.

ఎవరింట్లోనో ప్రింట్లు దొరికితే నరసింగం స్కాన్ చేసి, "నా సొంత పని" అని టిక్ కొట్టి సైట్‌లోకి ఎక్కించేశాడు. అడిగితే, స్కానర్ నాదే కదా అన్నాడు.

అందులో ఒకటి బావ వాళ్ళ నాన్నది. కళ్ళంలో చేట పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి నిలబడ్డ మనిషి. బావ దగ్గర వాళ్ళ నాన్న ఫోటో ఇంకోటి లేదు.

అన్నిటితో పాటు దాని మీదా నోటీసు పెట్టాడు బావ. గడువులోగా ఫోటో తీసినవాళ్ళ అనుమతి రాకపోతే సైట్‌లోంచి తొలగిస్తాం అని.

ఎన్ని మాటలన్నారు మీరు! ఊరిని రెండోసారి లేపేస్తున్నాడన్నారు. నరసింగమైతే ఏడుపు గొంతుతో, "మీ అయ్య బొమ్మ కూడా తీసేత్తావా బావా" అన్నాడు.

"బొమ్మలో ఉన్నోడు మా అయ్య. తీసినోడు ఆయన. ఆయన్ని అడగాల."

అంతే అన్నాడు.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. శాస్త్రం నా అంతట నేను కూడబలుక్కుని నేర్చుకున్నాను. అది చెప్పేది ఒక్కటే. అవతలివాడి మనసు ఒప్పకుండా తీసుకున్నది దొంగసొత్తు. బంగారమా, గడ్డిపరకా అని తేడా చూడదు. ఇక దానమంటే, ఇచ్చేవాడు తెలిసి, తన చేత్తో నీళ్ళు ధారపోసి ఇవ్వాలి. ధారపోశాక వెనక్కి అడగలేడు.

ఆ సైట్ లైసెన్సు కూడా అంతే. ఒకసారి ఇస్తే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఫోటో కింద పేరు మాత్రం ఉంచాలి. ప్రసాదరావు గారు చెయ్యాల్సిన అంత పెద్ద దానం, ఆయన్ని అడక్కుండా మీరెలా ధారపోస్తారు?

బావ అడగడానికి వెళ్తే ప్రసాదరావు గారు మొదట తలుపు మొహాన వేసేశారు. వెనకెప్పుడో ఎవరో ఆయన ఫోటో క్యాలెండర్ మీద వేరేవాడి పేరుతో అచ్చేసుకున్నారంట. ఆ మంట ఇంకా చల్లారలేదు. బావ సెలవు దొరికినప్పుడల్లా పెందుర్తి బస్సెక్కాడు. అమ్ముకునే సంగతి కూడా దాచకుండా చెప్పాడు. అన్నీ తెలిసే ఒప్పుకోండి, లేకపోతే వద్దనండి అన్నాడు.

ఒకరోజు ఆ పెద్దాయన మెత్తబడ్డారు. "ఇన్నాళ్ళకి అడిగినోడివి నువ్వొక్కడివేనయ్యా. రా, ఇచ్చేద్దాం" అన్నారు.

పెద్దాయనకి ఈమెయిల్ లేదు. బావ నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి, ఆయన మాటల్లోనే అనుమతి రాయించి పంపాలి. ఇవాళ వెళ్దామనుకున్నారు.

నోటీసు గడువు కూడా ఇవాళ్టితో సరి.

ఇలాంటి మనిషి చితి ముందు నిలబడి, అడక్కుండానే ఫోటోలు ఉంచేసుకోడానికి నోటీసు పీకేయమంటారా? చచ్చిపోయాడు కాబట్టి ఆయన మాట కూడా చచ్చిపోయిందా? సిగ్గుండాలి. రేపు నా ఎదురుగా కూర్చుని ధర్మం గురించి వినడానికి రాకండి.

నరసింగం, నిన్న నువ్వు తలూపలేదు. చూశాను. లాగిన్ నీ దగ్గరుంది, టైపింగ్ నీకొచ్చు. నువ్వు నాతో రావాలి.

బావా, నీ పని ఆగదు. ఆ దేవుడి పాదాల దగ్గర నీకు చల్లగా చోటు దొరకాలి.

నేను భోజనం చెయ్యకుండా ఇప్పుడే పెందుర్తి బయల్దేరుతున్నాను. బండి ఉన్నవాళ్ళు వెనకే రండి. పెద్దాయన ఇస్తానంటే కళ్ళకద్దుకుందాం. మనసు మారి వద్దంటే దండం పెట్టి తిరిగొచ్చేద్దాం, ఫోటోలు పోనీ. కానీ అడగాలి. రాత్రికి గడువు అయిపోతుంది. లేవండి, ఇవాళే అడగాలి.