కదలని పిన్ని

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆయన కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తాడు. రేపల్లె ప్యాసింజరు నన్నెక్కించుకోవడానికి వెనక్కి వచ్చిందని నలుగురిలో చెప్పినదాన్ని కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. ఈ సంగతిలో మాత్రం తీసేయడానికేమీ లేదు. ఉంటే బాగుండును.

తెనాలిలో ఇళ్ళకి ఇంటర్నెట్టు కాస్త వేగంగా రావడం మొదలైన రోజులవి. పుణెలో ఉండే మా బావగారు, అంటే మా అక్క భర్త, ఫోను చేశారు. అక్క పోయేనాటికి వాళ్ళ పాపకి మాటలు కూడా సరిగా రావు. ఇప్పుడు బడికెళ్తోంది. నాయనమ్మ పెంచుతోంది.

"అమ్మ ఎలా పాడేదని అడుగుతోందమ్మా. నేనేం చెప్పను? నువ్వు నేర్పు" అన్నారు.

అక్కా నేనూ బాపట్లలో ఒకే మాస్టారి దగ్గర, ఒకే చాప మీద కూర్చుని సంగీతం నేర్చుకున్నాం. అక్క పాట ఏ క్యాసెట్లోనూ లేదు. అది పిల్ల దాకా వెళ్ళాలంటే నా గొంతులోంచే వెళ్ళాలి. అమ్మంటే దానికి తెలిసిందల్లా వాళ్ళ హాల్లో కంప్యూటరు పైన గోడకున్న ఫొటో. బొట్టు, దండ, కింద ఎర్రటి చిన్న బల్బు.

మా ఆయన గుడ్లగూబ కన్నులాంటి గుండ్రటి కెమెరా ఒకటి తెచ్చి మానిటరు నెత్తిన బిగించాడు. మొదటి శనివారం మధ్యాహ్నం నేను శ్రుతి అందుకోబోతుంటే అటునుంచి పాప అంది:

"పిన్నీ, నీకు మొహం లేదు."

నా వెనక కిటికీ ఉంది మరి. వెలుతురంతా వెనకనుంచి వస్తే ఏం కనబడుతుంది? జుట్టూ చెవులూ, మధ్యలో నల్లటి గుంట, ఆ గుంటలోంచి పాట. నేను ఊరుకోవచ్చుగా!

"ఇస్త్రీకిచ్చానే. సాయంత్రం తెచ్చిస్తానన్నాడు" అన్నాను.

పాప నవ్వలేదు. ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదట. "నీ పరాచికాలు పిల్ల దగ్గరొద్దమ్మా. భయపడితే ఇక కూర్చోదు" అన్నారు బావగారు.

దాంతో నాకు పట్టుదలొచ్చింది. బల్ల తిప్పించి కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. ఎండ సూటిగా పడి సగం మొహం తెల్లగా కాలిపోయింది. కిటికీకి మా ఆయన పల్చటి పంచె అడ్డం కట్టాం. వెలుగు పాలమీగడలా పరుచుకుంది. "ఇన్నాళ్ళకి నా పంచెకి సంగీతం అబ్బింది" అన్నాడాయన. బల్ల పొట్టిది కావడంతో అప్పటిదాకా నా ముక్కుపుటాలే ముందు పుణె చేరేవి. మానిటరు కింద పీటలు పెట్టి కెమెరాని కంటి ఎత్తుకి తెచ్చాం. తెర మీద పాపని చూస్తూ పాడితే అటువైపు నేను నేలచూపులు చూస్తున్నట్టు ఉంటుందని, కెమెరా పక్కన ఒక తిలకం బిళ్ళ అంటించి, చూపంతా దానిమీదే నిలపడం అలవాటు చేసుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కదలిక. లైను నీరసంది. చెయ్యెత్తితే పాత చెయ్యి అక్కడే ఉండిపోయి ఇంకోటి మొలిచేది. తల తిప్పితే రెండు తలలు.

"కదలకు. స్టూడియోలో ఫొటోకి కూర్చున్నట్టు కూర్చో. అప్పుడే బొమ్మ నిలుస్తుంది" అన్నాడు మా ఆయన.

అదీ నేర్చుకున్నాను. తాళం బల్ల కింద వేసుకుంటూ, పెదవులు తప్ప మరేదీ కదపకుండా పాడేదాన్ని. "ఇప్పుడు ఎంత చక్కగా కనబడుతున్నావో" అన్నారు బావగారు. పాప మెల్లగా గొంతు విప్పింది. గాంధారం దగ్గర దాని గొంతు సన్నగా వణికేది. అక్కకీ సరిగ్గా అక్కడే. నేనది నేర్పలేదు. వణకడం నాకు రాదు. మొదటిసారి విన్నప్పుడు లేచి వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చాను. ఎందుకు వేశానో తెలియదు.

దసరా వచ్చింది. విజయదశమి నాడు కొత్త గీతం మొదలుపెడదామనుకున్నాం. ఆ పూట మా ఇంట్లో పనిముట్టన్నదల్లా పూజకెక్కుతుంది. కత్తిపీట, కుట్టుమిషను, మా ఆయన స్కూటరు, నా తంబూరా. మరి కెమెరా చేసిన పాపమేంటి? దానికీ కుంకుమ పెట్టి, మీదుగా చేమంతి దండ వేశాను. నేనూ తలంటుకుని, పట్టుచీర కట్టి, రూపాయంత బొట్టు పెట్టుకుని కూర్చున్నాను. దండ పాయలు రెండూ కెమెరా కంటికి అటూ ఇటూ వేలాడుతున్నాయని నాకు తెలియదు. తెర మూలన నా బొమ్మ చిన్నగా కనబడుతూనే ఉంటుంది గాని, నా చూపంతా తిలకం బిళ్ళ మీదే ఉంది.

మొదటి పాదం అయ్యీ అవకుండానే కరెంటు పోయింది. మా గదిలో ఫ్యాను ఆగింది, అంతే. అటువైపు మాత్రం నా చివరి బొమ్మ తెరమీద అలాగే నిలిచిపోయిందట. పెద్ద బొట్టు, చుట్టూ పచ్చటి చేమంతులు, రెప్ప వేయని కళ్ళు. సరిగ్గా అప్పుడే నాయనమ్మగారు ప్రసాదం గిన్నెతో హాల్లోకి వచ్చారు. పైన గోడ మీద కోడలు దండలో, కింద తెరమీద నేను దండలో.

"అయ్యో, చిన్నది కూడానా! ఎప్పుడు పోయిందిరా?"

కరెంటు లేకపోయినా మోగే ఫోను ఒకటుంది కాబట్టి నాకిదంతా తెలిసింది. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది.

"కెమెరాకి దండేంటమ్మా! పాప ఆయాసం వచ్చేలా ఏడుస్తోంది" అన్నారు బావగారు.

"పనిముట్టు కదండీ, పూజ చేశాను. ఒక్కసారి ఫోను దానికివ్వండి బావగారూ, నా గొంతు వింటే సరి."

"రానంటోంది. చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడనంటోంది. ఇక చాలించుదాం."

ఫోను పెట్టేసి వచ్చి చూస్తే మానిటరు నల్లటి గాజులో, దండ మధ్యలో, నా మొహం. అందులోది నాకన్నా అక్కలాగే ఉంది. దండ తీసేయడానికి చెయ్యి రాలేదు. మా ఆయన తీశాడు.

దీపావళి దాటాక బావగారే ఫోను చేశారు. పాప కూర్చుంటానందట. ఒక్కటే షరతు: పిన్ని కదులుతూనే ఉండాలి.

కదిలాను. ఊగాను, తల ఆడించాను, తాళం బల్ల కిందనుంచి పైకి తెచ్చాను. కష్టపడి తెచ్చుకున్న చక్కదనమంతా మసకైపోయింది. నాలుగు చేతులు, మూడు తలలు. "అమ్మవారి అవతారం" అన్నాడు మా ఆయన. పాప మాత్రం ఆ మసక వైపే రెప్ప వేయకుండా చూస్తూ పాడేది. ఒకరోజు పాట మధ్యలో ఆపేసింది.

"పిన్నీ, అమ్మని ఎవరూ కదలమని చెప్పలేదా?"

ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒక కోత సిద్ధంగా ఉంటుంది. దాని మొహం చూస్తూ ఊరుకోలేకపోయాను.

"మీ అమ్మ కదలకపోవడమేంటే! ఆ ఫొటో తియ్యడానికి బాపట్లలో స్టూడియో ఆయన ఏడ్చినంత పని చేశాడు. వెనక తెరమీద రంగుల నెమలి ఉంటే దాన్ని పలకరించింది. అది మెడ తిప్పింది. 'అమ్మా, మీరు కదిలితే కదిలారు, నా నెమలిని కదపకండి' అని దణ్ణం పెట్టాడాయన."

"తర్వాత?"

"ఆయన బటన్ నొక్కిన ఆ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఫొటోలో ఉన్నది అదొక్కటే. మిగతాసేపంతా నవ్వుతూనే ఉంది."

ఆ ఫొటో తీసిన రోజు నేను బాపట్లలో లేనే లేను. కాని పాప నవ్వింది. ఆపైన ప్రతి శనివారం పాటకి ముందు ఆ స్టూడియో కథ కొంచెం పెరిగేది. నెమలి రేపల్లె దాకా వెంటబడింది, సూర్యలంక సముద్రపు గాలికి తెర లేచిపోయింది. పాపకి భయం తగ్గుతోందని బావగారు సంతోషించారు. నేనూ సంతోషించాను.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం పాప మామూలుగా, టిఫిన్ ఏం తిన్నదో చెప్పినట్టుగా చెప్పింది:

"పిన్నీ, ఇవాళ అమ్మ కదిలింది."

"ఏంటే?"

"ఫొటోలో. పాడబోయింది. నాయనమ్మ పిలిస్తే ఆగిపోయింది."

"ఏం చేసిందే?"

పాపది మెడ దాకా కత్తిరించిన జుట్టు. అయినా పాప భుజం మీదనుంచి లేని జడని ముందుకు లాక్కుని, ఏమీ లేని పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

పాట ఎత్తుకునే ముందు అక్క ఎప్పుడూ అలాగే చేసేది. జడ కొస పిడికిట్లో లేకపోతే దానికి గొంతు పెగిలేది కాదు. నా కథల్లో వేటిలోనూ ఆ మాట చెప్పలేదు. ఆ అలవాటే మర్చిపోయాను. బావగారు చెప్పి ఉండొచ్చు. అడగలేదు.

పాప చూపు నా మీద లేదు. తెర పైన, గోడ వైపుంది. ఆ చూపులో భయం లేదు. అలా చూస్తూనే, నేను అందివ్వకుండానే శ్రుతిలో కలిసి పాట ఎత్తుకుంది. నేను తాళం వేస్తూ కూర్చున్నాను.