ప్రమీల ముట్టుకోకుండానే మారిన స్క్రీన్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను మధ్యలోనే ఆపేస్తాను. ఏ రోజు, ఏ వేళ, పక్కన ఎవరున్నారు అని అడిగితే మూడో ప్రశ్నకే కథ విరిగిపోతుంది. నాచారంలో పంపుల ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఇది మాత్రం నా కళ్లతో చూశాను.

మా కోడలు ప్రమీల ఉప్పల్‌లోని ఒక ఆఫీసుకు ఇంటి నుంచే ఆసుపత్రి బిల్లులు ఎక్కించేది. మా అబ్బాయి కంపెనీ మూతపడ్డాక ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడిచింది. ల్యాప్‌టాప్ ఆఫీసుదే. అందులో కాపలాకు ఒక ప్రోగ్రాం పెట్టారు. బిల్లుల విండో ముందుంటే ఆకుపచ్చ గీత. ఇంకో విండో దాని మీదికి వస్తే ఎర్ర గీత, పక్కన ఆ విండో పేరు. బిల్లులు తిరిగి ముందుకొస్తే మళ్లీ ఆకుపచ్చ.

సాయంత్రం మేనేజరు అందరినీ ఒకే కాల్‌లో కలిపి ఎర్ర గీతలవాళ్ల పేర్లు చదివేవాడు. అందరూ వింటుండగా వాళ్లు తప్పు ఒప్పుకోవాలి.

ఒక సోమవారం ప్రమీల పేరు వచ్చింది. గీత పక్కన "వీడియో కాల్" అని ఉందట.

"ప్రమీల మేడం, ఎవరితోని ముచ్చట్లు? మాకు గూడ జర చెప్పు, మేం గూడ నవ్వుతం."

అందరూ నవ్వారు.

"నేనేం తెరవలే సార్. ఇందుల ఆ యాపే లేదు."

"అయితే దయ్యం తెరిచిందా? ఇంకోపారి వస్తే నువ్వు ఖాళీగ ఇంట్లనే కూసో."

మంగళవారం పట్టపగలు నేను పక్కనే కూర్చున్నాను. మౌస్ పీకి నా ఒడిలో పెట్టుకున్నాను. ప్రమీల చేతులు కట్టుకుంది. ఉన్నట్టుండి, వేరే విండో ముందుకొస్తే వెలిసినట్టే, బిల్లుల విండో పైపట్టీ వెలిసిపోయింది. దాని ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి పట్టీకి రంగు తిరిగొచ్చింది.

సాయంత్రం కాల్‌లో మళ్లీ ప్రమీల పేరు చదివితే నేనే ఆ సంగతి చెప్పాను.

"అమ్మా, ముందుగాల కండ్లద్దాలు మార్పియ్యి," అన్నాడు మేనేజరు. ప్రమీల ఉద్యోగం అక్కడికక్కడే తీసేశాడు.

బుధవారం ఇద్దరం ఉప్పల్ వెళ్లి ల్యాప్‌టాప్ అప్పగించాం. మా ఎదుటే ఆపి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్కడ పనిచేసే ఒకామె మెట్ల దాకా మా వెంట వచ్చింది.

"ఇది ఇంతకుముందు రజిత తాన ఉండె. బిడ్డ దవాఖానల ఉంటే వీడియో కాల్‌ల సూసుకుంట పని జేసేది. ఎర్ర గీతలు వస్తున్నయని సార్ ఆ కాల్ బంద్ జేపిచ్చిండు. గా దినమే బిడ్డ పానం పోయింది."

శనివారం మేనేజరు ఆ ల్యాప్‌టాప్ నుంచి ఆ వారం వచ్చిన గీతలన్నీ ప్రమీలకు పంపి ఫోన్ చేశాడు.

"ల్యాప్‌టాప్ ఇచ్చినంక గూడ ఏందీ పని? పోలీసులకు చెప్త."

నేను ఫోన్ అందుకున్నాను. "బీరువా తాళంచెవి ఎవరి తాన ఉంది సార్?"

కాల్ కట్ చేశాడు.

గీతలు చూశాను. గురువారం ఎర్ర గీతలున్నాయి, శుక్రవారం ఉన్నాయి. అన్నిటి పక్కనా వీడియో కాలే. ప్రతి ఎర్ర గీత కిందా ఒక ఆకుపచ్చ గీత ఉంది. శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన చివరి ఎర్ర గీత కింద మాత్రం లేదు. బిల్లులు మళ్లీ ముందుకు రాలేదు; ఆ కాల్‌ను ఈసారి ఎవరూ ఆపలేదు.

ప్రమీల ఇంకా పని వెతుక్కుంటూనే ఉంది. నేను ఎన్నిసార్లు సరిచూసినా రోజులన్నీ సరిపోతున్నాయి. ఆ చివరి గీతను ఏ పద్దు కింద వేయాలో మాత్రం నాకు ఈనాటికీ తెలియడం లేదు.