నాలుగు వేళ్ళ సందు

నా చిన్నప్పుడు మా నాయన బండికి పెద్ద చక్రాలు వేయించాడు. వాటిలో ఒకటి నా కాలిని పట్టుకుంది. ఇన్నేళ్ళు గడిచినా, ఎవరైనా చక్రాల మాట ఎత్తితే చాలు, నా ఎడమ కాలు దానంతటదే కుచ్చిళ్ళ లోపలికి ముడుచుకుంటుంది.

మాది మార్కాపురం పక్కన, పలకల గనుల దగ్గరి ఊరు. మా నాయన గనుల్లో తీసిన రాయిని ఎద్దుల బండి మీద షెడ్లకు తోలేవాడు. బడిపిల్లల పలకలు ఆ రాయి నుంచే తయారయ్యేవి. నేను ఆ పలకలను ఎత్తాను, దించాను, పగిలిన పెంకులతో తొక్కుడుబిళ్ళ ఆడాను. వాటి మీద అక్షరం మాత్రం రాయలేదు. అది ముసలితనంలో, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మా బండి కొయ్య చక్రాల బండి కాదు, పాత జీపు ఇరుసు మీద, బరువుకు కుంగే దాని కమాను పట్టీల మీద కట్టిన టైరు బండి. పైన పరిచిన కొయ్య చెక్కలు రెండు వైపులా టైర్ల మీదికి వచ్చి ఉండేవి. బాగానే నడిచేది. అయితే ఆ ఏడు పక్క వీధి ఆయన ఎత్తు చక్రాల బండి కట్టించాడు. అది మా వాకిటి ముందు పోతుంటే మా నాయన తినే అన్నం ఆపి చూసేవాడు. నెల తిరక్కుండానే గిద్దలూరు పోయి, పాత సామాన్ల దుకాణంలో లారీవి కాబోలు, రెండు పెద్ద చక్రాలు పట్టుకొచ్చాడు.

వాటిని బిగించిన రోజు మా తాతయ్య, అంటే మా నాయన తండ్రి, బండి చుట్టూ ఒకసారి తిరిగి ఒకే మాట అన్నాడు.

"బరువేసి చూసినావా?"

"ఇంత సందు కనపడతా ఉంటే ఇంకేంది చూసేది నాయనా? చెయ్యి పడతాంది," అన్నాడు మా నాయన. నిజంగానే చెక్కకూ టైరుకూ మధ్య చెయ్యి పట్టేది. బండి ఖాళీగా ఉంది మరి.

ఆ వారంలోనే మా అమ్మ పుట్టింటి వైపు పెళ్ళి వచ్చింది. ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల ఆడవాళ్ళూ కలిసి పన్నెండు మందిమి ఎక్కాము. నేను కొత్త పావడా కట్టుకుని, చక్రానికి సరిగ్గా వెనక, బండి పక్క అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఎత్తు బండి మీద పోతున్నామని నాకూ గర్వమే. తాతయ్య ఎద్దుల పక్కన నడుస్తున్నాడు.

గనుల మధ్య దారి చాలా ఇరుకు. రెండు వైపులా పనికిరాని రాతి పెంకులు గోడల్లా పోసి ఉంటాయి. అక్కడ బండి గుంటలో దిగింది. ఎక్కడో గరగరమని చప్పుడు వచ్చింది. నా పావడా కొసను టైరు లాక్కుంది. విడిపించుకుందామని వంగేలోపు మడమ కూడా పైకి పోయి, చెక్కకూ టైరుకూ మధ్య బిగుసుకుంది.

నేను పెట్టిన కేకకు నాయన ఎద్దులను నిలిపాడు. నొప్పి కంటే నాకు బాగా గుర్తున్నది కదల్లేకపోవడం. ముందుకు వంగితే మోకాలు మెలి తిరుగుతోంది. వెనక్కి వాలితే మడమ నలుగుతోంది. పక్కకు చూస్తే రాతిగోడ. బండి మీద అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. మా మేనత్త "ముందుకు తోలు" అంటుంది, పక్కింటి అక్క "వెనక్కి నెట్టండి" అంటుంది. అమ్మ నా భుజాలు పట్టుకుని లాగుతోంది. ఏమీ తోచక నాయన చర్నాకోల ఎత్తాడు. ఎద్దులు ఒక్క అడుగు వేసి ఉంటే ఈ కాలు నాకు ఉండేది కాదు.

తాతయ్య ఎద్దుల ముందుకు వచ్చి కాడికి తన ఛాతీ ఆనించి నిలబడ్డాడు.

"కోల కింద పడెయ్‌రా! అమ్మే, పాపను లాగమాక. ఎనక కూసున్నోళ్ళు ఒక్కొక్కరే దిగండి. దూకొద్దు, మెల్లిగా."

మేనత్తకు కోపం వచ్చింది. "పిల్ల చస్తా ఉంటే మమ్మల్ని దిగమంటాడేంది!"

"నువ్వు దిగితే సగం బతుకుద్ది, దిగమ్మా," అన్నాడు తాతయ్య. మా మేనత్త భారీ మనిషి. ఆ స్థితిలోనూ ఎవరో కిసుక్కుమన్నారు.

ఒక్కొక్కరు దిగుతుంటే నా కాలి మీద బిగువు ఒక్కొక్క పిసరు సడలింది. ఏడో మనిషో ఎనిమిదో మనిషో దిగేసరికి చెక్క పైకి లేచింది. తాతయ్య వచ్చి నా మడమను రెండు చేతులతో పట్టి, గూట్లోంచి పిట్ట పిల్లను తీసినట్లు తీశాడు. చీలమండ మీద టైరు రాత అచ్చు పడి ఉంది. ఏమి రాసుందని ఏడుస్తూనే అడిగాను.

"నాకేం తెల్సు తల్లీ. నాకూ సదువు రాదు. నీ కాలి ఏళ్ళయితే అన్నీ ఉండాయి," అన్నాడు.

పెళ్ళి మానుకుని ఇల్లు చేరాము. మరునాడు తాతయ్య నన్నే బండి దగ్గరికి ఎత్తుకుపోయాడు. ఖాళీ బండి చెక్కకూ టైరుకూ మధ్య నా నాలుగు వేళ్ళు పెట్టించాడు. సులువుగా పట్టాయి. తర్వాత నిన్నటి వాళ్ళందరినీ పిలిచి ఎక్కించాడు. మేనత్త గొణుక్కుంటూనే ఎక్కింది. ఇప్పుడు పెట్టమన్నాడు. ఒక్క వేలు కూడా పోలేదు. నాయన పక్కనే నిలబడి చూశాడు. సాయంత్రానికి పాత చక్రాలు బండికి వచ్చాయి.

మొన్న మా అబ్బాయి తన చిన్న కారుకు పెద్ద చక్రాలు వేయిస్తానన్నప్పుడు నేనూ దుకాణానికి పోయాను. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన టైరు కొలతల చీటీని కూడబలుక్కుని చదివాను. నూట అరవై అయిదు, ఎనభై, పద్నాలుగు. దుకాణదారు చూపించిన వాటిలో రిమ్మూ పెద్దదే, రబ్బరూ ఎత్తే. "కారు నిలబడే తీరే మారిపోద్దమ్మా," అన్నాడు. వెనక ఒకటి బిగించమని, కోడలినీ పిల్లలనూ కారులో కూర్చోబెట్టాను. దుకాణంలో పనివాళ్ళను కూడా ఎక్కమన్నాను. వాళ్ళు నవ్వుకుంటూ ఎక్కారు. వంగి వేళ్ళు పెట్టాను. రెండే పట్టాయి, గుంట రాకముందే. మా అబ్బాయి కూడా వంగి పెట్టి చూశాడు.

"రిమ్ము పెద్దది కావాలంటే రబ్బరు ఎత్తు తగ్గాల," అన్నాను. పూలు కట్టే దారంతో పాత టైరు చుట్టుకొలత తీసి ఇచ్చాను. చివరికి దానితో సరిపోయినవే తీసుకున్నాడు. వెనకతో పాటు, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పించి ముందు చక్రాలనూ చూశాము. ఎక్కడా తగలలేదు.

ఇప్పుడు ఎక్కడికి బయలుదేరినా నేను చివర ఎక్కుతాను. అందరూ సర్దుకున్నాక, చక్రం పైన నాలుగు వేళ్ళు పెడతాను. లోపలి నుంచి "ఎక్కవ్వా, ఎంతసేపు!" అని పిల్లలు అరుస్తుంటారు. అరవనీ. నా వేళ్ళు సందులో ఆడినంతసేపూ, కాడికి ఛాతీ ఆనించి నిలబడిన మనిషి నా పక్కన ఉన్నట్లే ఉంటుంది. అప్పుడు చీర కొంగు ఒడిలోకి లాక్కుని ఎక్కి, తలుపు వేసుకుంటాను.