అంచున రాసిన మాట

నా రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్ళుండగా, వేసవి సెలవులు ముగిసిన వారంలో మా డైరెక్టరు నాకొక పని అప్పగించారు. తిరుపతిలోని ఒక ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నేనప్పుడు క్యూరేటరును. నగరి దగ్గరి ఒక చిన్న విష్ణ్వాలయంలో ఏటా జరిగే ఉత్సవ విధానాన్ని చెప్పే గ్రంథానికి శుద్ధప్రతి తయారు చేయాలి. ఆ గుడి అర్చకుడు శేషాచార్యులే సంపాదకుడు. తాళపత్రాలు చదవడంలో, పోల్చడంలో నేను సాయపడాలి. అర్చకుడే సంపాదకుడనగానే నేను మొహం చిట్లించాను. గుడివాళ్ళు మా దగ్గరికి వచ్చేది సాధారణంగా తమకు కావలసిన మాట గ్రంథంలో ఉందని మాచేత అనిపించుకోవడానికే.

ఆయన అందుకు రాలేదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఉదయం ఆరాధన ముగించుకుని, బస్సెక్కి, పెరుగన్నం డబ్బాతో వచ్చి నా ఎదుట కూర్చునేవారు. సంస్కృతం గురువుల దగ్గర చదివారు. తమిళదేశంలో సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథలిపిని మాత్రం పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నారు. ప్రతి శ్లోకానికీ తేట తెలుగులో అర్థం రాయాలన్నది ఆయన పంతం. రహస్య విధులను వీధిలో పెడతావా అని తోటి అర్చకులు సణిగారట. "మగ్గం గుంటలో కూసున్నోడికి కూడా తెలియాల గదమ్మా. వాడు నేసిన గుడ్డే గదా మనం స్వామికి కట్టేది" అన్నారు నాతో.

మా పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. తాటాకు కట్ట విప్పగానే చదివేయడం కుదరదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాస్తాం. గంటంతో గీసిన అక్షరాలు కనిపించకపోతే మసి పూసి తుడుస్తాం. గీతల్లో మసి నిలిచి అక్షరం తేలుతుంది. దొరికిన ప్రతులకు క, గ, చ అని గుర్తులు పెట్టి, ఒకదాన్ని ఆధారంగా తీసుకుని, మిగతావాటిలో తేడాలను పేజీ అడుగున రాస్తాం. వాటిని పాఠభేదాలంటాం. ఏ పాఠం మనకు నచ్చిందన్న ప్రశ్న అక్కడ లేదు. ఏది పాతది, ఏది తర్వాత వచ్చి చేరింది అన్నదే ప్రశ్న.

ఆ ఏడు గుడిలో ఒక తగువు నడుస్తోంది. ఉత్సవం మొదటి రోజు స్వామికి కట్టే తొలి వస్త్రం తరతరాలుగా మునిరత్నం అనే నేతగాడి ఇంటి నుంచి వచ్చే నూలు వస్త్రం. వీధంతా పవర్‌లూముల మోతలో ఉన్నా, ఆ ఒక్క వస్త్రం కోసం ఆయన ఇంట్లో చేమగ్గం ఉంచుకున్నాడు. ఆలయ కమిటీ అధ్యక్షుడు పుత్తూరులో బట్టల వ్యాపారి. భార్య కాలు విరిగితే, కట్టు కట్టించి, ఆమె మళ్ళీ నడిస్తే తొలి వస్త్రంగా పట్టు సమర్పిస్తానని మొక్కుకున్నాడు. ఆమె నడిచింది. మనిషి చెడ్డవాడు కాడు, మొక్కు విషయంలో మెట్టు దిగేవాడూ కాడు. మా శుద్ధప్రతిలో నూలని తేలితే సరే, లేకుంటే తొలి వస్త్రం తనదేనని తేల్చి చెప్పాడు. మునిరత్నం బెదరలేదు. అందరి దగ్గరా ఉన్న పాత అచ్చు పుస్తకంలో తొలి వస్త్రం నేతవారి ఇంటి నూలుదేనన్న వాక్యం స్పష్టంగా ఉంది.

క ప్రతిలో ఆ వాక్యం లేదు. గ ప్రతిలోనూ లేదు. చ ప్రతిలో ఆ చోట ఆకు పురుగు తినేసింది కానీ, పోయిన జాగా అంత వాక్యానికి చాలదు. కనిపించిన మేరకు అన్నిటిలోనూ కొత్త వస్త్రం సమర్పించాలని మాత్రమే ఉంది. చివరికి శేషాచార్యుల ఇంటి కట్ట విప్పాం. అది ఆయన తాతగారి చేతిరాత. అందులో వాక్యం ఉంది, కానీ శ్లోకాల మధ్య కాదు. ఆకు అంచున, చిన్న అక్షరాలతో ఉంది. అర్చకులు తాము పాటించే పద్ధతిని గుర్తు కోసం అలా అంచున రాసుకోవడం మామూలే. అచ్చు వేయించినవారు దాన్ని జారిపోయిన వాక్యమనుకుని లోపలికి చేర్చేశారు. ఇలాంటివి నా సర్వీసులో ఎన్నో చూశాను, కనికరం లేకుండా తీసేశాను. ఇది మాత్రం లోపలే ఉంటే ఎంత బాగుండునని నా మనసు కొట్టుకుంది.

అంతకు కొద్దిరోజుల ముందే మా గ్రంథాలయంలో ఒక ఆచార్యుడు ఐరోపా పండితుల గురించి మాట్లాడాడు. అయిదు వందల ఏళ్ళ కిందట ఒక క్రైస్తవ పురోహితుడు తన మతగ్రంథం పాత చేతిరాత ప్రతులను కూడగట్టి, పోల్చి, అచ్చు వేశాడట. పాత ప్రతుల్లో కనిపించని ఒక వాక్యాన్ని వదిలేశాడు. అదీ అంచున రాసిన మాటే లోపలికి వచ్చి ఉంటుందని ఇప్పటివాళ్ళు అంటారు. సొంత మతంవాళ్ళే ఆయన మీద విరుచుకుపడ్డారు. మూడో ముద్రణలో ఆయన దాన్ని మళ్ళీ చేర్చాడు. శేషాచార్యులు వెనక వరుసలో కూర్చుని అంతా విన్నారు.

తాతగారి ఆకు ముందు పెట్టుకుని ఇప్పుడు ఆ సంగతే ఎత్తారు. "ఆ అయ్యగారు మళ్ళా యెందుకు చేర్చినాడమ్మా? నిజమని నమ్మినాడా?"

నమ్మి కాదట, గొడవలు పడలేక చేర్చాడట అన్నాను.

ఆయన ఆకును కట్టలో పెట్టి తాడు చుట్టారు. "నేను చేర్చను" అన్నారు. మరి మునిరత్నం సంగతేమిటని కాస్త కోపంగానే అడిగాను. "అది వేరే పని. అదీ నేనే చెయ్యాల" అన్నారు.

గుడి మండపంలో కమిటీ కూర్చున్న రోజు, ప్రతుల సంగతి చెప్పడానికి నన్ను పిలిచారు. ఉన్నదున్నట్టు చెప్పాను. అధ్యక్షుడి మొహం విప్పారింది. స్తంభం పక్కన నిలబడ్డ మునిరత్నం తల దించుకున్నాడు. అప్పుడు శేషాచార్యులు లేచారు.

"గ్రంథంలో నూలని లేదు. పట్టని కూడా లేదు. కొత్త గుడ్డ అన్నారంతే. గ్రంథం చెప్పని చోట నిర్ణయం అర్చకుడిది. మా తాత నూలు కట్టినాడు, అదే అంచున రాసుకున్నాడు. నేనూ నూలే కడతా. ముందు మునిరత్నం గుడ్డ, ఆ తర్వాత మీ పట్టు. ఇష్టం లేకుంటే ఇంకో అర్చకుణ్ణి సూసుకోండి."

పుస్తకం తప్పని చెప్పి, ఇప్పుడు నీ మాటే శాస్త్రమంటావా అని అధ్యక్షుడు గద్దించాడు. "శాస్త్రమని యాడన్నానప్పా? నా మాట అన్నాను" అన్నారు ఆయన, కూర్చోకుండానే. ఇంకో అర్చకుణ్ణి చూసుకుందామని కమిటీలో ఎవరూ అనలేదు. ఆ ఏడు అధ్యక్షుడు ఉత్సవానికి రాలేదు. ఆయన భార్య మాత్రం పట్టు వస్త్రం పట్టుకుని, తన కాళ్ళ మీద నడిచి వచ్చింది.

మునిరత్నం సంతోషిస్తాడనుకున్నాను. బయటికి వచ్చాక ఆయన శేషాచార్యులతో అన్న మాట నాకింకా గుర్తుంది. "ఇన్నాళ్ళూ శాస్త్రమే మా పక్కన ఉండాదనుకుంటిమి సామీ. ఇప్పుడు మీరుండారు. మీరు పోయినాంక?"

"వచ్చేవాణ్ణి అడుగు. గట్టిగా అడుగు" అన్నారు శేషాచార్యులు. మునిరత్నానికి అది చాల్లేదు. నాకూ చాల్లేదు.

పుస్తకం ఆ వాక్యం లేకుండానే అచ్చయింది. పేజీ అడుగున మాత్రం శేషాచార్యులు తేట తెలుగులో ఒక వివరణ రాశారు. ఫలానా వాక్యం గ్రంథంలోది కాదని, తమ తాతగారు అంచున రాసుకున్నదని, అయినా ఈ గుడిలో తొలి వస్త్రం నేతవారి ఇంటి నూలుదేనని, తానూ అదే కట్టానని.

ఆయన గతించాక తమ్ముడి కొడుకు అర్చకుడయ్యాడు. మొదటి ఉత్సవంలోనే తొలి వస్త్రం దగ్గర అతను తటపటాయించాడు. మునిరత్నం అప్పటికి మంచం పట్టాడు. ఆయన కూతురు వస్త్రంతో వచ్చి, పుస్తకం తెరిచి, ఆ అడుగు వివరణను అందరి ముందూ చదివింది. "ఇట్ల చెయ్యాలని శాస్త్రం చెప్పలేదు. ఇట్ల చేస్తా వచ్చినామని మీ పెదనాయన చెప్పినాడు. మీరేం చేస్తారో చెప్పండి" అని నిలబడిందట. అతను నూలే కట్టాడు. ఏటా ఆమె వెళ్ళి అడుగుతోంది, ఏటా అతను కడుతున్నాడు.

గ్రంథంలోది కాని వాక్యాన్ని తీసేయడమే నా ఉద్యోగం, దాన్ని సరిగానే చేశాననుకుంటాను. కానీ అలా తీసేసిన చోట ఎవరో ఒకరు మనిషిగా వచ్చి నిలబడవలసి ఉంటుంది. ఆ పని ఏ గ్రంథాలయం వల్లా కాదు.