తద్దినం మర్నాటి వేపుడు

ఎక్కడైనా బంగాళాదుంపలు వేగుతున్న వాసన వస్తే, ఒకప్పుడు బామ్మను నేను అనుమానించిన సంగతి గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆర్.కె. పురం క్వార్టర్‌లో తాతయ్య తద్దినం. కూరల బండి దగ్గర బామ్మ అరటికాయలు, కంద, కాకరకాయలు మాత్రమే ఏరింది. టమాటాలను, బంగాళాదుంపలను దొంగల్ని చూసినట్టు చూసింది. ఇంటికొచ్చి కారం డబ్బా అటకెక్కించి, మిరియాలు దంచడం మొదలుపెట్టింది.

"బామ్మా, తాతయ్యకి ఆలూ ఇష్టం కదా?"

"తప్పురా. దొరలు ఓడల్లో తెచ్చిన కూరలవి. తద్దినం పూట పనికిరావు. పితృదేవతలు ముట్టరు."

నేను నమ్మలేదు. తాతయ్య ఆలూ వేపుడు మూకుడు గీకి మరీ తినేవాడు. చచ్చిపోగానే మనిషి నాలుక మారిపోతుందా? బామ్మ ఆయన మీద ఏదో పాత కోపం తీర్చుకుంటోందని తేల్చుకుని, ఆ రోజంతా వంటింటి గుమ్మంలో కాపలా కాశాను.

మర్నాడు అమ్మానాన్న ఆఫీసులకు వెళ్లగానే బామ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. నా అనుమానం బలపడింది. సందులోంచి చూశాను. బంగాళాదుంపలు ఎర్రగా వేయించి, పైన కారం చల్లి, తాతయ్య కంచంలో వడ్డించింది. దాన్ని ఆయన కూర్చునే చోట పెట్టి, ఎదురుగా చాలాసేపు ఊరికే కూర్చుంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"మీ నాన్నకి చెప్పకు. రా, చల్లారకముందే తిను."

ఆ దుంపే కాదు, దాని మీద చల్లిన కారంలోని మిరపకాయ కూడా సముద్రాలు దాటి వచ్చిందేనని చాలా ఏళ్లకు చదువుకున్నాను. బామ్మకు అదంతా ముందే తెలుసు. అందుకే తద్దినం నాడు పితృదేవతలకు పెట్టింది. తాతయ్యకు మర్నాడు పెట్టింది.