ఫజల్ భాయ్ తీసిన నీటికుక్కల ఫొటో

మా కోరుట్లలో పెళ్లి ఫొటోలంటే ఫజలుద్దీన్ భాయే. ఆయన స్టూడియోను ఆనుకునే నా టైలరు షాపు. రీళ్ల కాలంలో ఆయన ఫొటోలు కడిగి తీగకు ఆరేస్తుంటే, నేను గుమ్మంలో కూచుని పెళ్లికొడుకుల మీసాలకు వంకలు పెట్టేవాణ్ణి. ఫొటోలు కడిగే ఆ మందు వాసన కూడా ఇప్పుడు బాగుండేదనిపిస్తుంది. అబ్బ, ఏం రోజులవి!

ఆయన భార్య రాబియా వదినది మల్లాపూర్ దిక్కు గోదావరి ఒడ్డున ఊరు. చిన్నప్పుడు అక్కడి బండల మీద నీటికుక్కలు గుంపుగా ఆడేవని ఆమె ఎప్పుడూ చెప్పేది. "కుక్కలు నీళ్లల్ల ఉంటయా, నీ పిచ్చిగాని" అని భాయ్ నవ్వేవాడు.

నిరుడు షుగరు ఆమె కళ్ల మీద పడింది. ఒక కన్ను పోయింది, రెండోది మసకబారింది. "గిది గూడ పోకముందే గా నీటికుక్కలను ఒక్కసారి సూస్తే సాలు" అంది. బండల్లో ఆమె నడవలేదు. భాయ్ పెద్ద లెన్సు కొన్నాడు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే నన్ను స్కూటరెక్కించుకుని గోదావరికి! నా మోకాళ్ల నొప్పులు ఆయనకు పట్టవు.

కొంగలు, లకుముకి పిట్టలు బోలెడు. కానీ కెమెరా కంటికి పెట్టగానే ఆయన నోరు దానంతటదే అరుస్తుంది: "ఇటు సూడుండ్రి, జర నవ్వాలె!" అంతే, పిట్ట తుర్రు.

"నీ నోట్ల మన్నువొయ్య! గదేమన్న పెండ్లిపిల్లనా?"

"ఏం జెయ్యాలె జైపాలన్నా, నోరు ఆగుతలేదు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనది పెళ్లిళ్లతో వచ్చిన బుద్ధి, ఇంకా మొండిది.

వానలు వెనకబట్టాక ఒక శుక్రవారం, బండల నడిమి మడుగులో నల్లటి తలలు తేలాయి. ఒకటి చేపను కరుచుకుని బండెక్కింది, వెనకే సన్నగా ఈల వేసినట్టు అరుస్తూ మిగతావి. నేను భాయ్ నోరు మూయబోయేలోపే అరిచేశాడు: "ఇటు సూడుండ్రి, జర నవ్వాలె!"

అవి పారిపోలేదు. వెనక కాళ్ల మీద లేచి, మెడలు చాచి మా వైపే చూశాయి. పెళ్లివాళ్లు కూడా అంత బుద్ధిగా నిలబడరు. భాయ్ ఏడుస్తూనే బటన్ నొక్కాడు.

మర్నాడే పెద్ద ఫొటో వేయించి వదిన ముందు పెట్టాడు. ఆమె దాన్ని దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, వాకిట్లో వెలుతురుకు తిప్పింది.

"తెల్లగ కనవడ్తుంది. గంతే" అంది.

భాయ్ మంచం మీద కూలబడ్డాడు. "ఆలస్యం జేసిన రాబియా" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు, గోడ వైపు తిరిగాను.

కాసేపటికి వదినే అడిగింది, "అరిసినయా? ఎట్ల అరిసినయ్?"

అంత పెద్దమనిషి పెదాలు ముడిచి, సన్నగా, ఆగి ఆగి ఈల వేశాడు. ఆమె ముఖం విప్పారింది.

"అవే! గవే! గని ఒక్కటే అరిస్తె ఎట్ల, గుంపు గదా" అంది.

భాయ్ నా వైపు చూశాడు. నేనూ పెదాలు ముడిచాను.